అన్న సైటేషన్‌కు నేను వేసిన ప్లాస్టిక్

అమీర్‌పేటలో నాది జిరాక్స్ షాపు. మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే ఎడమవైపు మూడో షట్టర్. జిరాక్స్, స్కానింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, లామినేషన్ అని బోర్డు మీద రాసి ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఎంతమంది పిల్లల మెమోలు ఆ వేడి రోలర్ల మధ్య నుంచి పంపానో చెప్పలేను.

మా దగ్గర ఒక అలవాటుంది. కాగితం విలువైనదైతే దానికి ప్లాస్టిక్ వేయాల్సిందే. టెన్త్ మెమో చేతికి రాగానే పిల్లలు ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరికే వస్తారు. వెంట వచ్చిన తల్లి, రోలర్ అవతలి నుంచి కాగితం మెరుస్తూ బయటికొచ్చేదాకా కళ్లార్పకుండా చూస్తుంది. వానకు తడవదు, చెమట అంటదు, చెద పట్టదు. లామినేషన్ లేని సర్టిఫికెట్ కనిపిస్తే, వీళ్లకు జాగ్రత్త తెలియదని మనసులో అనుకునేవాణ్ని.

ఆ అలవాటుతోనే మా అన్న కాగితం పాడుచేశాను. పాడుచేశాక నేను చేసిన పని అంతకన్నా చెడ్డది. దాని ఫలితం నేను అనుభవించలేదు, అన్న కూతురు అనుభవించింది. అందుకే ఇది రాస్తున్నాను.

అన్న సైన్యంలో పందొమ్మిదేళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాడు. కొండల్లో జరిగిన ఒక కాల్పుల్లో ఆయన చూపిన ధైర్యానికి శౌర్య పతకం ఇచ్చారు. పతకంతో పాటు ఒక కాగితం కూడా ఇస్తారు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేసినందుకు ఇచ్చారో రాసి, కింద పెద్ద అధికారి సంతకం, కాగితంలోకి నొక్కిన ముద్ర ఉంటాయి. దాన్ని సైటేషన్ అంటారు. అన్న ఆ రెంటినీ ఒక ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు ఆయన పంజాగుట్టలో ఒక నగల షోరూమ్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్. నీలం చొక్కా, భుజం మీద తాడు, నడుముకు వాకీటాకీ. కార్లలో వచ్చేవాళ్లకు తలుపు తీసే కుర్రాళ్లను వరుసలో నిలబెట్టడం ఆయన పని.

ఆ పని నాకు నచ్చేది కాదు. ఎవరైనా అడిగితే మా అన్న ఆర్మీలో పెద్ద ఆఫీసర్ అని చెప్పేవాణ్ని. పంజాగుట్ట సంగతి ఎత్తేవాణ్ని కాదు.

మూడేళ్ల కిందట షాపులో పని తగ్గింది. అందరి ఫోన్లలో స్కానర్లు వచ్చాయి. నా షాపుకు ఒక గుర్తింపు ఉండాలనుకున్నాను. వదినను అడిగి పెట్టెలోంచి సైటేషన్ తెచ్చాను. చూసి ఇచ్చేస్తానన్నాను. తెచ్చి, రెండు వైపులా మందమైన ప్లాస్టిక్ వేసి, నా కుర్చీ వెనక గోడకు తగిలించాను. పక్కన యూనిఫాంలో ఉన్న అన్న ఫొటోతో ఫ్లెక్స్ కూడా కొట్టించాను.

అన్న వచ్చి చూశాడు.

"తీసెయ్‌రా. షాపుల పెట్టేది గాదది."

"అన్నా, పిల్లలు చూస్తరు. మస్తు ఇన్‌స్పిరేషన్ ఉంటది. డిఫెన్స్ కోచింగ్ పోరగాళ్లంత నా దగ్గరికే వస్తున్నరు."

"నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకు ఒప్పుకున్నట్టే వినిపించింది. అట్లా వినిపించేలా నేనే విన్నాను.

డిఫెన్స్ కోచింగ్ పిల్లలు నిజంగానే వచ్చేవాళ్లు. అప్లికేషన్ నింపుతుంటే గోడ వైపు చూసి, "అన్నా, ఎంతమందిని ఏసేసిండు సార్?" అని అడిగేవాళ్లు. మొదట్లో నలుగురు అన్నాను. తర్వాత ఏడుగురయ్యారు. ఆ కాగితం నా తల వెనక రెండేళ్లు ఉంది. మొదటి నాలుగు వరుసలు తప్ప నేనెప్పుడూ చదవలేదు.

అన్న కూతురికి పశువుల డాక్టర్ కావాలని కోరిక. తన చిన్నప్పుడు అన్న యూనిట్‌లో సామాన్లు మోసే కంచరగాడిదలు ఉండేవి. కుటుంబంతో క్వార్టర్స్‌లో ఉన్న రెండేళ్లూ ఈ పిల్ల ఆ కొట్టాల దగ్గరే ఆడుకుంది. గిట్ట పగిలిన కంచరగాడిదకు సైన్యం డాక్టర్ కట్టు కట్టడం చూసింది. అప్పటినుంచి అదే మాట. ఎంట్రన్స్ రాసింది. ర్యాంకు పర్వాలేదు గానీ మామూలుగా అయితే సీటు రాదు. సైనికుల పిల్లలకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సీట్లు వేరుగా ఉన్నాయి. వాటిలో శౌర్య పతకం పొందినవాళ్ల పిల్లలకు ముందు వరస. మిగతా మాజీ సైనికుల పిల్లలు ఆ తర్వాత. ఆ ముందు వరసలో ఉంటే సీటు ఖాయం. లేకపోతే లేదు. అంత సూటిగా ఉంది విషయం. వరస నిర్ణయించేది ఆ సైటేషన్ ఒరిజినల్.

మాసబ్ ట్యాంక్ వైపు ఒక కాలేజీలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ పెట్టారు. సోమవారం. అన్నకు సెలవు దొరకలేదు. "నువ్వు పోయిరా తమ్మీ, కాగితాల సంగతి నీకు తెలిసినంత నాకు తెల్వది," అన్నాడు. గోడ మీది సైటేషన్ తీసి, తుడిచి, ఫైల్లో పెట్టుకుని పిల్లను తీసుకుని వెళ్లాను. మూడు గంటలు టోకెన్ పట్టుకుని కూర్చున్నాం. ఫ్యాన్ తిరగని వరండాలో పిల్ల ఫైలుతో విసురుకుంటుంటే, "దాంతోని గాదు, అది ఫ్యానుకన్న విలువైంది," అని జోకు కూడా వేశాను.

టేబుల్ వెనక ఉన్నాయన కూడా మాజీ సైనికుడే అయ్యుండాలి, కూర్చున్న తీరు అట్లా ఉంది. సైటేషన్ చేతికి తీసుకుని బొటనవేలితో కింద తడిమాడు.

"ఇదేంది, ప్లాస్టిక్ వేసిన్రు?"

"ఖరాబు కాకుండా సార్."

"ముద్ర వేలికి తగలాలె గదా. పైన ప్లాస్టిక్ ఉంటే ఇది అసలుదా కలర్ జిరాక్సా ఎట్ల చెప్పాలె నేను? ఏం పని చేస్తరు మీరు?"

"జిరాక్స్ షాపు సార్, అమీర్‌పేటల."

పక్క టేబుల్ ఆయన నవ్వాడు. "అమీర్‌పేటనా. అయితే పతకం సుత ప్రింట్ తీసిస్తరు."

ఈయన నవ్వలేదు. ప్లాస్టిక్ మీది మెరుపు తప్పించుకుంటూ కాగితాన్ని అటూ ఇటూ వంచి చివరిదాకా చదివాడు. చదివి నా వైపు చూశాడు.

"ఈయన మీకేమైతడు?"

"అన్న సార్."

"ఇంత పని చేసినాయన కాగితానికి మీరు చేసేది గిదా." తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "వచ్చే వారం శుక్రవారం దాకా టైముంది. రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు మీ అన్నతోని ఫోన్ చేయించండి. ముద్ర వేసిన కాపీ పంపిస్తరు. పది రోజులు పడ్తది. ఇయ్యాలే చేయించండి, రేపనొద్దు."

ఇయ్యాలే అన్నాడు. నాకు స్పష్టంగా వినిపించింది.

ఆటోలో పిల్ల ఫోన్ తీసింది. "నాన్నకు చెప్తా బాబాయ్."

"వద్దు బిడ్డా. డ్యూటీల ఉంటడు. ఉత్తగ ఫికర్ పడ్తడు. ప్లాస్టిక్ తీసుడు నా పనే గదా, రెండు రోజుల్ల తీసిస్త."

"వస్తదా అది?"

"పద్దెనిమిదేళ్లు చేసినోణ్ని. నాకు తెల్వదా."

పిల్ల ఫోన్ లోపల పెట్టుకుంది. నాన్నకు చెప్పనని నాకు మాటిచ్చింది. ఆ మాట అడిగి తీసుకున్నది నేనే. నాకు భయమైంది పిల్ల సీటు గురించి కాదు. తీసెయ్‌రా అన్న మాట రెండేళ్ల కింద విననందుకు, ఇప్పుడు అన్న ముందు నిలబడాల్సి వస్తుందని.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ షట్టర్ సగం దించాను. మేడ మీది బ్యూటీ పార్లర్ నుంచి హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చాను. కొత్త బ్లేడు. పక్క షాపులో పుస్తకాలు బైండింగ్ చేసే చాచా షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చాడు.

"క్యా కర్‌రే భాయ్?"

"ప్లాస్టిక్ తియ్యాలె చాచా."

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "నక్కో, తియ్యకు. గమ్ముతోని అంటింది గాదిది, వేడితోని అంటింది. తీస్తే కాగితం రెండు పొరలైతది, ఒక పొర ప్లాస్టిక్‌తోని పోతది. నీకు తెల్వని ముచ్చటనా?"

"మెల్లగ తీస్త."

"మెల్లగ తీసినా పోతది, జల్ది తీసినా పోతది. మీ అన్నకు ఫోన్ కొట్టు ముందు."

"నువ్వు నీ బైండింగ్ చూస్కో చాచా."

"సరే. నేను సలా ఇచ్చిన, నువ్వు టీ గూడ ఇయ్యకుండ వెళ్లగొట్టినవ్," అని వెళ్లిపోయాడు.

నాకు తెలియని ముచ్చట కాదు. ఇట్లాంటి పని చేయమని వచ్చిన పిల్లలను నేనే ఎన్నోసార్లు తిప్పి పంపాను. అయినా మొదలుపెట్టాను. పై మూల శుభ్రంగా ఊడింది. అక్కడ ఊడకపోతే ఆపేసేవాణ్నేమో. వేడి గాలి పట్టిస్తూ, బ్లేడు జరుపుతూ ఒక్కో వరుస కిందికి వచ్చాను. అంత దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి చదవక తప్పలేదు.

కాపలా తిరుగుతున్న దళం మీద పై నుంచి కాల్పులు మొదలయ్యాయి. రేడియో మోసే సిపాయి పడిపోయాడు. అన్న మోచేతికి తూటా తగిలింది. ఆ చేత్తోనే సిపాయిని బండ చాటుకు గుంజుకొచ్చాడు. మళ్లీ వెళ్లి దళం నాయకుణ్ని గుంజుకొచ్చాడు. సాయం వచ్చేదాకా నాలుగు గంటలు ఇద్దరి గాయాలూ నొక్కిపట్టి కూర్చున్నాడు. అంతే. ఎవరినైనా చంపినట్టు ఒక్క మాట లేదు. ఆ కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడని నాకు తెలుసు. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు తప్ప ఎవరూ గమనించరు.

చివరి వరుసలకు వచ్చేసరికి కాగితం మెత్తబడింది. బ్లేడు ఆపి వేలితో లాగాను. సంతకం, ముద్రలో సగం ప్లాస్టిక్‌కు అంటుకుని లేచాయి. కాగితం మీద తెల్లటి నూగు మిగిలింది.

ఆ రోజైనా ఫోన్ చేసి ఉండవచ్చు. సోమవారం పోయినా, ఇంకా పది రోజులున్నాయి. చేయలేదు. బుధవారం బంజారా హిల్స్‌లో పాత బొమ్మలు, పటాలు బాగుచేసే ఒక షాపుకు పోయాను. ఏసీ గదిలో ఒక మేడమ్ భూతద్దం పెట్టి చూసి, "దీన్ని ఎవరు చేశారండీ ఇలా?" అని అడిగింది. ఎవరో చేశారన్నాను. సంతకం తిరిగి అతికించినా అతికించినట్టు తెలుస్తుందని, చేయనని చెప్పింది. గురువారం, శుక్రవారం ఇంటర్నెట్‌లో వీడియోలు చూస్తూ గడిపాను. పిల్ల మెసేజ్ పెట్టింది: "వచ్చిందా బాబాయ్?" "వస్తోంది" అని బొటనవేలు బొమ్మ పెట్టాను. ఆదివారం ఇంకో మెసేజ్. మళ్లీ బొటనవేలు.

ఆ ఆదివారమే ఇంకో పని చేశాను. రాయడానికి చెయ్యి రావడం లేదు. గోడకు తగిలించక ముందు తీసిన స్కాన్ నా కంప్యూటర్లో ఉంది. మందమైన కాగితం ఎక్కించి, రంగులు సరిచేసి, సైటేషన్‌ను ప్రింట్ తీశాను. అచ్చం అట్లాగే వచ్చింది. మాసబ్ ట్యాంక్‌లో నవ్విన ఆ పక్క టేబుల్ మనిషి మాటను నిజం చేశాను. ముద్ర నొక్కుడు కోసం ఒక నాణెంతో వెనక నుంచి రుద్దాను కూడా. మా అన్న నిజంగా చేసిన పనికి నేను దొంగ కాగితం పుట్టించాను.

సోమవారం మధ్యాహ్నం పిల్ల చెప్పకుండా షాపుకొచ్చింది. ప్రింట్ కౌంటర్ మీద ఉంది. చూడగానే ముఖం విప్పారింది. చేతిలోకి తీసుకుంది, బొటనవేలితో కింద తడిమింది. టేబుల్ వెనకాయన ఎట్లా తడిమాడో అట్లాగే. ముఖం మారింది.

"దీనికి మడతలెందుకు లేవు బాబాయ్? నాన్న పెట్టెలుండేదానికి మధ్యల మడత ఉండె."

నేను ప్రింటర్ ట్రే సర్దుతున్నాను.

"ఒరిజినల్ యేది?"

సొరుగు తీసి చూపించాను. చిరిగిన కాగితం, పక్కన ప్లాస్టిక్ ముక్క, దాని మీద వెనక్కి తిరిగిన సంతకం. పిల్ల ఏడవలేదు. "దీన్ని తీస్కపోయి ఇస్తే నన్ను జైల్ల ఏస్తరు, నిన్ను గాదు," అంది. నా ముందే నాన్నకు ఫోన్ చేసింది.

అన్న పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ వచ్చాడు. షోరూమ్ యూనిఫాంలోనే. ఎండకు చొక్కా వీపుకు అంటుకుంది. షాపులో ఇద్దరు కుర్రాళ్లుంటే, "జర బయట నిలబడున్రి బాబూ," అన్నాడు. చిరిగిన కాగితం చూశాడు. ప్రింట్ చూశాడు.

"దీన్ని చింపు. నా ముందల చింపు."

చింపాను.

"అది ఎప్పుడు చిరిగింది?"

"పోయిన మంగళారం."

"ఇయ్యాల సోమారం." స్టూలు మీద కూర్చున్నాడు. "కాగితం చిరిగినందుకు నేనేమంటలేనురా. కాగితాలు తడుస్తయ్, కాల్తయ్, పోతయ్. మాకాడ తుపాకి పోయినా ముందు పోయిందని చెప్పాలె. చెప్తే వెతుకుతరు. దాస్తేనే శిక్ష. మంగళారం చెప్పుంటే, ఏదో తిప్పలువడి కాపీ తెప్పిద్దును. రికార్డ్స్‌ల మనోళ్లున్నరు."

"తప్పైంది అన్నా."

"ఈ పిల్లతోని సుత అబద్ధమాడిచ్చినవ్. వారం నుంచి నా మొకం చూసి మాట్లాడ్తలేదు. పరీక్షల టెన్షన్ అనుకున్న." గోడ మీది ఫ్లెక్స్ వైపు చూశాడు. "ఎంతమందిని చంపిన అని చెప్తున్నవ్ పోరగాళ్లకు?"

బయట నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడు, సాయం చేద్దామనుకున్నాడో ఏమో, "ఏడుగురు అంకుల్," అన్నాడు.

"ఒక్కణ్ని గూడ చంపలేదురా," అన్నాడు అన్న నాతో. "ఇద్దరిని గుంజుకొచ్చిన. గదే రాసుంది అండ్ల. ఇంగ్లీషు వస్తది గదా నీకు."

ఆయన అక్కడే కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాడు. నంబర్ ఎంగేజ్. మళ్లీ కొట్టాడు. భోజన విరామం అన్నారు. మళ్లీ కొట్టాడు. ఇంకో సెక్షన్‌కు చేయమన్నారు. సాయంత్రానికి పాత స్నేహితుడొకడు దొరికాడు. సంతకం పెట్టే అధికారి టూర్‌లో ఉన్నాడు, గురువారం వస్తాడు, అదే రోజు పోస్టులో వేస్తానన్నాడు. గడువు శుక్రవారం. అన్న హిందీలో థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. ప్రతి ఫోన్‌కూ నేను పక్కన నిలబడి నీళ్లు, చాయ్ అందిస్తున్నాను. ఆయన తీసుకోలేదు, తిట్టలేదు. తిడితే నాకు తేలికయ్యేది. అది కూడా నా గురించి నేను ఆలోచించుకోవడమే.

శుక్రవారం అన్న సెలవు పెట్టి పిల్లను తీసుకుని వెళ్లాడు. నన్ను రావద్దన్నాడు. నేను వెనక ఇంకో ఆటోలో పోయి గేటు దగ్గర నిలబడ్డాను. చిరిగిన కాగితం, డిశ్చార్జ్ బుక్కు, పతకం పెట్టె మూడూ తీసుకుపోయాడని, టేబుల్ వెనకాయన లేచి నిలబడి చేయి కలిపాడని, కానీ తన చేతిలో ఏమీ లేదని బాధపడ్డాడని తర్వాత వదిన చెప్పింది. ఆయన తప్పేం లేదు. అన్నకు ఇస్తే రేపు ఇంకొకరికి ఇవ్వాలి, దొంగ ప్రింట్‌తో వచ్చే నాలాంటివాడికి కూడా. పిల్ల పేరు మామూలు మాజీ సైనికుల వరసలో రాశారు.

శనివారం మధ్యాహ్నానికి సీట్లు అయిపోయాయి. పిల్ల పేరుకు రెండు పేర్ల ముందే ఆగిపోయాయి. ముందు వరసలో ఉండుంటే రెండో పేరు తనదే.

తర్వాతి మంగళవారం రికార్డ్స్ ఆఫీసు నుంచి కవర్ వచ్చింది. కొత్త కాగితం, నీలం సంతకం, వేలికి తగిలే ముద్ర. అన్న సంతకం పెట్టి తీసుకుని, విప్పి ఒకసారి చూసి పెట్టెలో పెట్టాడట.

గోడ మీది ఫ్లెక్స్ తీసేశాను. "అన్నా, ఆర్మీ సార్ ఫొటో యేది?" అని పిల్లలు అడుగుతుంటారు. తీసేసిన అంటాను. ఏడుగురు అని ఎవరెవరికి చెప్పానో గుర్తున్నంతవరకు, కనిపించినవాళ్లకు అది అబద్ధమని చెప్పాను. ఒకడు నమ్మలేదు. "సార్ చెప్పొద్దన్నడా అన్నా, సీక్రెట్ ఆపరేషనా?" అన్నాడు. నాకు వాడి మీద కోపం వచ్చింది. వాడి తలకెక్కించింది నేనే.

పిల్ల ఇంకో కోర్సులో చేరమంటే వినలేదు. మళ్లీ ఎంట్రన్స్ రాస్తానని ఇదే సందులో కోచింగ్‌లో చేరింది. ఏడాది పోయింది. తన తోటివాళ్లు కాలేజీకి వెళ్తుంటే ఇదే రోడ్డు మీద అవే పుస్తకాలు మోస్తూ, నా షాపుకు ఎదుటి వైపు నుంచి నడిచేది. మెట్రో స్తంభాల అవతల బ్యాగు కనిపిస్తే గుర్తుపట్టేవాణ్ని. పిలవలేదు.

మొన్న అప్లికేషన్లు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున అన్ని షాపుల్లోనూ సర్వర్ మొరాయిస్తోంది, నా దగ్గర నడుస్తోంది. పిల్ల వచ్చి కౌంటర్ ముందు నిలబడింది. చేతిలో ఫైలు. నేను గబగబా కుర్చీ దులిపి, పాత అలవాటు కొద్దీ ఫైలు కోసం చేయి చాపాను.

"నేనే నింపుకుంట బాబాయ్. జర జరుగు."

జరిగాను. తనే కూర్చుంది. పేరు, తండ్రి పేరు, కేటగిరీ. స్కానింగ్ దగ్గరికి వచ్చేసరికి, ఫైల్లోంచి కొత్త సైటేషన్ రెండు చేతులతో తీసి, గ్లాసు మీద తనే పెట్టి, మూత తనే దించింది. నేను బటన్ నొక్కబోయాను.

"అది గూడ నేనే నొక్కుత," అంది.

చేయి వెనక్కి తీసుకున్నాను.